తొమ్మిదో నెల చుట్టలు

తంబోరిల్‌లో బిడ్డ పుట్టబోతోందంటే
ఒక పెట్టె కొని మూసి పెడతారు.
పొగాకు ఊరు మరి.
వేరే ఊళ్లలో బంగారం కొంటారేమో.

మామగారు దోన్ తెయోఫిలో మూడు దుకాణాలు తిరిగారు.
ఒక్కో చుట్టనీ చెవి దగ్గర పెట్టుకుని
రెండు వేళ్లతో నొక్కి విన్నారు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.
"ఇప్పుడు కమ్మగా ఉన్నది కొనకురా" అన్నారు కొడుకుతో,
"ఇరవై ఏళ్లకి అది ఉత్త నీళ్లు.
గొంతు పట్టేది కొను.
ఘాటుంటేనే
కాలం తినగా ఏదైనా మిగులుతుంది."

మొక్క నెత్తిన కూర్చుని
ఎండంతా తాగిన ముదురాకు,
నల్లటి పై ఆకు,
పాతిక చుట్టలు, దేవదారు పెట్టె.
మోటార్‌సైకిల్ మీద జనాన్ని దింపే ఎలిజియోకి
రెండు నెలల సంపాదన.
అప్పటికి మగపిల్లాడనే అనుకున్నారు.

యానెలిస్ పుట్టింది.
ఆ పెట్టె నాలుగు రోజులు బల్ల మీదే ఉంది,
ఇల్లు పొరపడి వచ్చిన చుట్టంలా.
కూర్చోమన్నవాళ్లు లేరు, వెళ్లమన్నవాళ్లు లేరు.

నాకు నవ్వొచ్చింది.
పదకొండేళ్లుగా చుట్టేది నేను,
నా వరసలో పద్నాలుగు మంది ఆడవాళ్లం.
ఎవరి మీసాల కింద అవి కాలుతాయో
మేమెప్పుడూ చూడలేదు.

నాదీ ఒక పెట్టె ఉంది.
తుప్పు మూతల బిస్కెట్ల డబ్బా.

తొమ్మిదో నెలలో
బల్లకీ నాకూ మధ్య ఈ పిల్ల అడ్డంగా కూర్చుంది.
చేతులు చాచి, పొట్టని చుట్టుకుపోయి,
పక్కవాళ్ల బల్ల మీద ఎవరికోసమో చుడుతున్నట్టు
దూరం నుంచి చుట్టాను.
తల దగ్గర బిగువు, నడుము దగ్గర వదులు,
తను తన్నిన చోటల్లా
ఒక చిన్న వంకర.
దోన్యా ఫియోర్ తూకం వేసింది,
గాలి లాగే యంత్రానికి తగిలించింది,
పెదవి విరిచి ఎర్ర సుద్దతో గీత పెట్టింది.
రోజుకి నాలుగు, ఐదు. చివరి వారం తొమ్మిది.
కూలి కోసుకున్నారు.

వాటిని చింపి ఆకుల గుట్టలో కలపాలి, అది రూలు.
నేను గౌను కింద పెట్టుకుని బయటికొచ్చాను.
గేటు దగ్గర కాపలావాడు
నిండు గర్భిణి పొట్ట తడమడు కదా.

రెండు పెట్టెలూ ఇప్పుడు మంచం కిందే.
దేవదారు దానికి తాళం ఉంది, తేమ కొలిచే ముల్లు ఉంది.
నా డబ్బాలో ఒక ఇటుక ముక్క.
గుర్తొచ్చినప్పుడల్లా తడుపుతాను.
ఎక్కువైతే బూజు, తక్కువైతే పగులు.
ముల్లు లేదు నాకు, ముక్కుంది.

మూడో ఏట పురుగు పట్టింది.
సూదితో పొడిచినంత కన్నాలు.
పోయినవి రెండూ మామగారి పెట్టెలోవే.
ఎవరికీ చెప్పలేదు.
ఆ ఖాళీలో నావి రెండు పడుకోబెట్టాను,
సుద్ద గీత తుడిచి.
చూస్తే తెలియదు.
బల్ల మీద దొర్లిస్తే మాత్రం
నడకలో చిన్న కుంటు.

పెళ్లి రోజున తెరవాలంటారు మామగారు.
పదిహేను నిండిన పండగ చాలంటాడు ఎలిజియో,
అతిథులకి పంచి మీసం తిప్పాలని.
నా లెక్కలో అది
తన పేరు మీద తనకి మొదటి జీతం వచ్చిన రోజు.
కాల్చకపోతే నాకింకా సంతోషం.
నా వంపు కత్తి చేతికిచ్చి
ఒకదాన్ని విప్పమంటాను.
ముందు పై ఆకు, తర్వాత కట్టు ఆకు,
లోపల ఎక్కడో, ఆకులు ఆనని చోట
వేలు పట్టేంత గుల్ల.
ఇదిగో, నీ మడమ, అంటాను.

చాలా ఏళ్లుంది ఇంకా.
నిన్న కరెంటు పోయినప్పుడు
చీకట్లో పాకుతూ వెళ్లి డబ్బా మూత తీసింది.
ముక్కు లోపలికంటా పెట్టింది.
తుమ్మింది.
మళ్లీ పెట్టింది.